ఉధ్నా కింగ్‌కు పెట్టిన నమస్తే

నమస్తే పెట్టినందుకు యుద్ధం ఓడిపోయిన వీరుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి, నేనే. ఆ ఒక్క నమస్తేతో నా ఫోను పోయింది, నా పరువు పోయింది, చేతికి రావాల్సిన పని కూడా గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగి చూసింది. నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. కానివ్వండి.

అవి కరోనా రోజులు. సూరత్‌లో మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. మగ్గం పని కోసం తెలుగు ఊళ్ల నుంచి వలస వచ్చిన మావాళ్లు వాటిని సాంచాలంటారు. అక్కడి గోడాదరా బస్తీలో పుట్టి ఆ చప్పుడులోనే పెరిగినవాళ్లం కదా, నిశ్శబ్దంగా ఉంటే మాకు ఒంట్లో బాగుండదు. మా నాన్న మల్లేశం పక్కనే కూర్చున్న అమ్మతో కూడా కార్ఖానాలో అరిచినట్టే అరిచి మాట్లాడేవాడు. మా ఇంట్లో ఏ కూర వండారో వీధి మొత్తానికీ తెలిసేది.

నాకప్పుడు ఒకే ఒక్క కోరిక. కార్ఖానా తెరిచాక సాంచాల మధ్య నిలబడి తెగిన పోగులు ముడేసే పని మానేసి, రాజయ్య మామ దగ్గర హెల్పర్‌గా చేరాలి. ఆయన ఉధ్నా పేటలో మా కార్ఖానాకు మాస్టర్, అంటే చెడిపోయిన సాంచాలను బాగుచేసే పెద్దమనిషి. ఆయన హెల్పర్ ఊరికి పోయి అక్కడే ఉండిపోయాడు. ఆ చోటు ఖాళీ. మాస్టర్ చేతికింద పని నేర్చుకున్నవాడు రేపు తనూ మాస్టరవుతాడు. నా బతుకు మారే దారి అదొక్కటే.

ఆయన గురించి ఇంకో ముక్క చెప్పాలి. చప్పుడులో పిలిస్తే వినపడదు కాబట్టి ఆయన ఎవరినీ పేరుపెట్టి పిలవడు. షెడ్డు చివర స్టూలు మీద కూర్చుని దారం చుట్టే ఖాళీ కండె విసురుతాడు. ఎంత దూరంలో ఉన్నా అది వచ్చి సరిగ్గా భుజానికే తగులుతుంది. ఈ సంగతి తెలిసి కూడా నాకు బుర్ర వెలగలేదు చూడండి, అక్కడే ఉంది నా గొప్పతనం.

మా నాన్న ఆయనను బతిమాలాడు. "బావా, మా శీనుగాన్ని జర నీ చేతికింద వెట్టుకోరాదే!"

"సూద్దాం తియ్," అన్నాడు రాజయ్య మామ. "పోరడు ఉత్త ఉరుకులాటగాడు. నాకు నిలవడి సూసెటోడు గావాలె."

ఆ 'సూద్దాం'ను 'సరే' చేయడానికి రోజూ పొద్దున్నే మాస్కు కట్టుకుని ఆయన గుమ్మం ముందు పాల ప్యాకెట్టు పెట్టి, దూరం జరిగి, రెండు చేతులూ జోడించి "నమస్తే మామా" అనేవాణ్ణి. ఇక సాయంత్రమైతే ఫోన్‌లో యుద్ధం.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అందులో మనుషులుండరు, మనిషి లోపల కూర్చుని నడిపే ఇనుప రాక్షసులుంటారు. నాది తేలికది, పిల్లిలా ఉరుకుతుంది, ఒక్క దెబ్బ తగిలితే మాత్రం పాత ఇనప సామానే. ఎదుటి జట్టులో ఒక బరువైనది ఉండేది. అది గుట్టెక్కి కదలకుండా కూర్చుని, మైలు పొడవు తుపాకీతో దూరం నుంచే కొట్టేది. దాన్ని నడిపేవాడి పేరు ఉధ్నా కింగ్. మేం ఆడేది సూరత్ వాళ్లంతా కలిసే రూములో, అక్కడ అందరూ హిందీలోనే మాట్లాడుకునేవాళ్లు. వాడు మాత్రం నోరు విప్పేవాడు కాదు. కొట్టేవాడు, అంతే.

నేను కుడికి దూకేవాణ్ణి, ఎడమకు దూకేవాణ్ణి. మళ్లీ కుడికి వెళ్లేసరికి ఆ గుండు నాకంటే ముందే వచ్చి అక్కడ కూర్చుని ఉండేది.

పై అంతస్తు గ్యాలరీలోంచి శేఖర్ వంగి తల పట్టుకునేవాడు. వాడు నా దోస్తు, నా జట్టువాడు కూడా. "యార్ శీను, వాడు నీ జాతకం సూసి కొడుతుండా ఏంది?"

"చీటింగ్ చేస్తుండురా! లేకుంటే నేను ఏడికి పోతనో వానికెట్ల తెలుస్తది?"

"ఒక్కసారి వాన్ని పడగొట్టు. డుమస్ బీచ్ తెరవంగనే నీకూ నాకూ టమాటా భజియా."

వాడి మీద కసితో నేను మైకు ఆన్ చేసి "అరే ముసలోడా, గుట్ట దిగరా, దమ్ముంటే దిగు" అన్న అర్థం వచ్చేలా హిందీలో తిట్టేవాణ్ణి. తిట్టిన ప్రతిసారీ గుండు మరికాస్త తొందరగా వచ్చేది.

ఒకరోజు అమ్మ పక్కన కూర్చుని బియ్యం కడుగుతోంది. నా వేళ్ల చప్పుడు కాసేపు విని నవ్వింది.

"ఏందిరా, ఫోన్ల సాంచ నడుపుతున్నవా?"

"సాంచేందమ్మా?"

"మరి గా తాళమేంది? టక్ టక్, టకటక్. టక్ టక్, టకటక్. మీ నాయిన సాంచ గిట్లనే కొట్టుకుంటది."

నేను వేళ్ల వంక చూసుకున్నాను. నిజమే! కుడికి రెండు, ఎడమకు రెండు, కాస్త ఆగి మళ్లీ మొదలు. నాకు తెలియకుండానే నా రాక్షసుణ్ణి మగ్గంలో పోగు మోసే నాడెలా అటూ ఇటూ కొడుతున్నాను. సాంచ చప్పుడు ఎరిగినవాడెవడైనా కళ్లు మూసుకుని కాల్చేయొచ్చు. మరి ఆ ఉధ్నా కింగ్ సాంచ చప్పుడు ఎరిగినవాడై ఉంటాడని నాకెందుకు తోచలేదు? అడక్కండి, ఇప్పటికీ అదే ఆలోచిస్తున్నాను.

అప్పటికప్పుడే పద్ధతి మార్చాను. ఉధ్నా ఆటోవాడిలా వెళ్లాలని తీర్మానించుకున్నాను, ఎటు తిరుగుతాడో డ్రైవరుకే తెలియకూడదు. వాడు కాల్చి మళ్లీ గుండు ఎక్కించుకునే లోపు పరుగు, ఆ తర్వాత గోడ చాటు. కాసేపు ఊరికే నిలబడడం, కాసేపు వెనక్కి రావడం. గుండ్లు పక్కనుంచి పోతున్నాయి! గుట్ట వెనక నుంచి ఎక్కి నేరుగా వాడి కాళ్ల కింద దూరాను. అంత పొడవు తుపాకీ కిందికి వంగదు. వాడిక నా చేతిలో ఉన్నట్టే. ఒక్క బటన్ నొక్కితే అయిపోయేది.

"కొట్టురా!" అని పైనుంచి శేఖర్ గావుకేక పెట్టాడు.

కొట్టానా? లేదు. మైకు ఆన్ చేశాను. ఆనందంలో హిందీ మరిచిపోయి, శుద్ధమైన మా ఊరి భాషలో, కార్ఖానా గొంతుతో అరిచాను.

"ఏందిరా ముసలి గద్దా! గుట్టెక్కి కూసుంటే సాలనుకున్నవా? గోడాదరా మల్లేశం కొడుకు శీనంటే ఏమనుకున్నవ్ బే!"

ఫోన్‌లోంచి ఒక నిదానమైన గొంతు వచ్చింది.

"మల్లేశం కొడుకువా? నేను రాజయ్య మామనురా."

మనసు ఇంకా ఏమీ ఆలోచించలేదు, చేతులు మాత్రం రోజూ పొద్దున చేసే పనే చేశాయి. రెండూ జోడించుకుని "నమస్తే మామా" అన్నాను. జోడించిన చేతుల మధ్య ఫోన్ నిలవదని మీకు తెలుసు. నాకు అది పక్కనే ఉన్న అమ్మ బియ్యం గిన్నెలో బుడుంగుమన్నాక తెలిసింది.

"అరే వాడు కాలెత్తి నిన్ను తొక్కిండురా!" అని పైన శేఖర్ ఏడుస్తున్నాడు. "నా భజియా పోయె!"

"నా ఫోను పోయెరా," అన్నాను.

"నా బియ్యం పోయినయ్‌రా సన్నాసీ," అంది అమ్మ.

మర్నాడు పాల ప్యాకెట్టు పట్టుకుని పోయేసరికి రాజయ్య మామ గుమ్మంలోనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"మామా, తప్పయింది. నువ్వని తెల్వక అన్న."

"గద్ద అన్నవ్, సరే. గద్దకు కండ్లు మంచిగుంటయ్. ముసలి అనుడెందుకురా? నా తలకాయల ఒక్క తెల్ల ఎంటిక సూపియ్ మల్ల."

"రంగేసుకున్నవ్ గద మామా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ ఒక్కరోజుకు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

"సాంచలు బందైనంక నాకు పొద్దు గడవకపాయె," అన్నాడాయన. "నా బిడ్డ ఫోన్ల గీ ఆట ఎక్కిచ్చిచ్చింది. గుట్ట మీద కూసుని ఏడ ఏం కదులుతదో సూసుడే గద, నాకు అలవాటైన పనే. నిన్ను కొట్టేటప్పుడు కండ్లు మూసుకున్నరా, సాంచ నడిచినట్టు మనసుకు సుఖమనిపిచ్చేది."

"మరి నా పని మామా?" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

ఆయన స్టూలు నా వైపు తిప్పుకున్నాడు.

"గెలిచే టైముల రెండు చేతులిడిసి దండం వెట్టిన పిచ్చోన్ని నేను ఇంతవరకు సూడలే. నిన్ను గట్లనే ఇడిసిపెడితే, నడుస్తున్న సాంచ ముందట గూడ దండం వెడుతవ్, చెయ్యి పోతది. నా కండ్ల ముందట ఉండు. కార్ఖానా తెరిసిన్నాడు రా."

అలా దొరికింది నా పని. తెరిచిన మొదటి రోజు షెడ్డు ఈ చివర నేను స్పానరు తప్పుగా పట్టుకున్నాను, ఆ చివర నుంచి కండె వచ్చి భుజానికి తగిలింది. కుడికి జరిగాను, ఇంకోటి. ఎడమకు జరిగాను, ఇంకోటి. చప్పుడులోనే పెదాలు కదిలించి ఆయన అన్నది మాత్రం స్పష్టంగా అర్థమైంది. "దిగమన్నవ్ గదరా? గుట్ట దిగిన."

కాబట్టి సూరత్‌లోని సమస్త సాంచాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట గుట్ట మీద కూర్చున్న ఏ మనిషినైనా 'మీదే ఊరు, మీరెవరి తాలూకు' అని అడిగి తెలుసుకోకుండా తిట్టను. తీరా మావాళ్లేనని తేలితే, ముందు ఫోను జేబులో పెట్టుకుని ఆ తర్వాతే నమస్తే పెడతాను.