చెప్పులు బయట విడవవలెను

నాకు నోరెక్కువ. ఈ మాట నేను అనడం లేదు, కోటబొమ్మాళి దగ్గర నేను నర్సుగా పనిచేసే ఊళ్లో ముసలాళ్లందరూ అంటారు. అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది మాత్రం వరి పండించే ఒక తాత. సుగరు ముదిరి ఆయన అరికాళ్లలో స్పర్శ పోయింది. ముల్లు దిగినా తెలియదు. పుండు పడి ముదిరితే కాలు తీసెయ్యాల్సి వస్తుందని నా భయం.

మెత్తటి చెప్పులు తెప్పించి ఇచ్చి, గడప దాటితే ఇవి కాళ్లకుండాలని ఒట్టు వేయించుకున్నాను. వారం తిరక్కుండా పొలం గట్టు మీద ఎదురుపడ్డాడు. చెప్పులు భద్రంగా చంకలో ఉన్నాయి.

"కొత్తయి గదమ్మా, బురదైపోవా?"

"చెప్పులు పాడైతే ఇంకో జత తెస్తాను తాతా. కాలు ఎక్కడినుంచి తెమ్మంటావు?"

ఈయనతో లాభం లేదని, రోజూ సాయంత్రం అరికాళ్లు చూసే పని వాళ్లావిడకు అప్పగించాను. మామ్మ మురిసిపోయింది. "పెళ్లిలో మట్టెలు తొడగడానికి నా కాలట్టుకున్నాడు. ఇన్నాళ్లకి నా వంతొచ్చినాది!"

ఎండలు ముదిరాయి. మా ఆరోగ్య కేంద్రంలో నెలవారీ సుగరు పరీక్ష పెట్టిన మర్నాడు పొద్దున్నే మామ్మ అక్కడికి పరుగున వచ్చింది. "నిన్న సాయంత్రం సూస్తే రెండు పాదాలూ బొబ్బలెక్కిపోనాయమ్మా!" ఆవిడ వెనకే వచ్చిన తాత మెట్టు మీద నిలబడి చెప్పులు విప్పుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? నిన్న ఉత్త కాళ్లతో ఎక్కడ తిరిగావు?"

"ఎక్కడా తిరగనేదమ్మా. పరీచ్చకని నీకాడికే వచ్చినాను. జనం ఎక్కువున్నారని బయట ఈ గచ్చు మీదే నిలబడ్డాను" అంటూ తలుపు వైపు చూపించాడు.

తలుపు మీద అట్ట. 'చెప్పులు బయట విడిచి లోపలికి రావలెను.' ఎర్ర స్కెచ్ పెన్నుతో నా చేతిరాత. మధ్యాహ్నం ఆ గచ్చు పెనంలా కాలుతుంది. ఆయనకు తెలియనే లేదు.

"నువ్వు రాసిందే గదమ్మా" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే పెద్దాసుపత్రికి పంపాను. తర్వాత మూడు వారాలు వాళ్లింటికి వెళ్లి నేనే కట్టు మార్చాను. మామ్మ ఆ సాయంత్రమే చూడబట్టి పుళ్లు మానాయి.

అట్ట చింపేశాను. ఇప్పుడు తాత బురద చెప్పులతో టపటపా లోపలికొచ్చి, "సెప్పులిప్పమంటావేటమ్మా?" అని కావాలనే అడుగుతాడు. నేను కడిగిన గచ్చు మీద రెండు కాళ్ల ముద్రలూ పడతాయి. తిట్టుకుంటూ నేనే తుడుస్తాను.