మా షాపు ముందర ఆగిన పడవ

యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా, ఈ రోజు జహీరాబాదు రేవు పట్టణమైనది. రేవు నా వెల్డింగ్ షాపు ముందరే.

ముంబై నుంచి హైదరాబాదుకు పడవను మోసుకుపోతున్న ట్రాలీ హైవే గుంతలో పడి చట్రం విరిగింది. పడవను దించి, చట్రానికి అతుకు వేసి, మళ్ళీ ఎక్కించాం. ఝరాసంగం ఆటో కోసం నిలబడిన ఒక అవ్వ దగ్గరికొచ్చింది.

"ఏంది కొడుకా ఇది?"

"ఇగ ఆటోలు బంద్ అవ్వా. ఝరాసంగానికి గిదే పోతది."

"నీళ్ళు మీ అయ్య పోస్తడా?"

అవ్వ పడవను నిమురుతూ అంది, "చిన్నప్పుడు మా నాయిన నన్ను బెల్లం వండే పెద్ద కడాయిల కూసోబెట్టి వాగు దాటిచ్చెటోడు. దానికి చిల్లు పడితే మాట్లేసింది మీ అయ్యనే. జర ఎక్కనియ్యరాదు?"

ఆ కడాయిలు నాకు గుర్తే. షాపు ముందు బోర్లించి ఉంటే కింద దూరి దయ్యంలా మూలిగేవాణ్ణి. నాయన పైనుంచి సుత్తెతో దంచేవాడు.

గీతలు పడతాయని, ట్రాలీ వెంట వచ్చిన పడవ ఓనరు అడ్డుపడ్డాడు. నేను మొహం గంభీరంగా పెట్టి, "సార్, పెద్దమనిషిని ఎక్కించి నడిపిస్తేనే అతుకు నిలిచిందో లేదో తెలుస్తది. గది రూలు" అన్నాను. ఆయనే చెయ్యిచ్చి ఎక్కించాడు.

ట్రాలీని చాయ్ హోటల్ దాకా మెల్లగా తోసుకుపోయి తెచ్చాం. దిగేటప్పుడు అవ్వ, తడుస్తుందేమో అన్నట్టు, చీర కొంచెం పైకి పట్టుకుంది.

కడాయిలో వాగు దాటినవాళ్ళు మీలో ఉన్నారా? ఉంటే చెప్పండి. ఓనరు సారు ఇది చదివితే మన్నించాలి. వెల్డింగులో అలాంటి రూలు లేదు, అప్పటికప్పుడు నేనే పుట్టించాను.