అక్కకు నేను పెట్టిన పత్యం

నా వైద్యంతో మా అక్క ప్రాణం మీదికి తెచ్చిన కథ ఇది. నవ్వండి, పరవాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు, నాకే నవ్వు రాదు.

డెబ్బైలలో మిర్యాలగూడలో ఒక డాక్టరుగారి దగ్గర రక్తపరీక్షలు చేసే పనిలో కొత్తగా చేరాను. వేలు గుచ్చడం, చుక్క రక్తం గొట్టంలోకి పీల్చడం, రంగు పోల్చి అంకె చెప్పడం, నాకొచ్చిన విద్య అంతే. కానీ తెల్లకోటు వేసుకునే బజారుకు వెళ్ళేవాడిని. టీ కొట్టు దగ్గర ఎవరైనా దగ్గితే ఆగి నాలుక చాపమనేవాడిని.

అప్పుడే అక్క కోదాడ నుంచి వచ్చింది. బావకు రోజూ చపాతీలుండాలి, పెళ్ళయినప్పటి నుంచి ఆమెకూ అదే అలవాటైంది. ఏడాదిగా విరేచనాలు. మనిషి సగమైంది, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అమ్మ గుమ్మంలోనే ఏడ్చింది. నేను సూది తీశాను.

"అక్కా, వేలియ్యి."

"ఇప్పుడే బస్సు దిగిన తమ్మీ. జర నీళ్ళన్న తాగనియ్యి."

"నీళ్ళు తర్వాత. ముందు రక్తం."

హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సిన చోట ఎనిమిదే వచ్చింది. గొంతు సవరించుకుని తీర్పు చెప్పాను. "అన్నం బంద్!"

ఊరి నిండా బియ్యం మిల్లులే అయినా, మా వైపు ఒళ్ళు బాగాలేదంటే పెట్టేది బ్రెడ్డు, గోధుమరవ్వ జావ. అన్నం బాగున్నవాళ్ళకు, గోధుమ బాగాలేనివాళ్ళకు. ఆ రివాజుకు నా అంకె తోడైంది. పొద్దున బ్రెడ్డు, పగలు చపాతీలు, సాయంత్రం జావ.

వారానికి మళ్ళీ గుచ్చాను. ఏడున్నర. "బలం చాల్తలేదు" అని రెండు చపాతీలు పెంచాను. ఇంకో వారానికి ఏడు. మరో రెండు పెంచాను. మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. అప్పుడు నాకు అర్థం కాలేదు, తెల్లకోటు అడ్డమొచ్చింది.

"అరే, నేను ఇంత మెత్తటన్నంల మజ్జిగ పోసి పెడతరా," అంది అమ్మ. "పొద్దుగాల నుంచి మూడుసార్లు చెంబు పట్టింది పిల్ల."

"బియ్యంల ఏముంటదే అమ్మా? ఉత్త గంజి!"

"ఊకో అమ్మా," అంది అక్క. "తమ్ముడు రక్తం సూసి చెప్తుండు గద." అని చపాతీ ముక్క నోట్లో పెట్టుకుంది. మింగుడుపడక కళ్ళలో నీళ్ళొచ్చినా నమిలింది. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

నెల తిరిగేసరికి అక్క మంచం దిగబోయి పడిపోయింది. మా డాక్టరుగారికి చూపిస్తే, వెంటనే హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. అక్కడి పెద్ద దవాఖానలో మళ్ళీ రక్తం తీశారు. సన్న గొట్టానికి కట్టిన గోళీలాంటిది మింగించి పేగులోంచి చిన్న ముక్క తీశారు. కొన్ని రోజులకు పెద్ద డాక్టరు మమ్మల్ని పిలిచాడు.

"ఈమె రోజూ ఏం తింటుంది?"

"పత్యం ఒక్క పూట తప్పలే సార్," అన్నాను ఛాతీ విరిచి. "ఎనిమిది చపాతీలు, బ్రెడ్డు, జావ. అన్నం మెతుకు ముట్టనియ్యలే."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "ఈమెకున్నది సీలియాక్ జబ్బు. గోధుమ తింటే పేగు పాడవుతుంది. అన్నం కడుపునిండా తినొచ్చు. ఈ చపాతీలు ఎవరు పెట్టమన్నారు?"

అక్కే అందుకుంది.

"నాకే ఇష్టమై తిన్న సార్."

డాక్టరు నా తెల్లకోటు వైపు ఒకసారి చూసి, కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఒకందుకు నయం. గోధుమ మానేసి వచ్చుంటే పేగు కొంత కోలుకుని, జబ్బు మాకు దొరక్కపోయేది."

ఆ మాట పట్టుకుంది అక్క. ఇంటికొచ్చి అమ్మ కలిపిన మజ్జిగన్నం తింది, నెలల్లో గాజులు మణికట్టు దగ్గర నిలిచాయి. ఇక వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పడం మొదలుపెట్టింది. "మా తమ్ముడు రొట్టెలు పెట్టినందుకే నా రోగం దొరికింది!"

తిట్టినా బాగుండేది. ఆమె మెచ్చుకున్నప్పుడల్లా నేను తల దించుకుంటాను.

అందుకే నా సూది మీద ఒట్టు పెట్టుకున్నాను. ఎవరి వేలైనా గుచ్చుతాను, అంకె చెబుతాను, అక్కడితో నోరు మూసుకుంటాను. ఏం తినాలని అడిగినవాళ్ళను మాత్రం మా అమ్మ దగ్గరికి పంపిస్తాను.