సింహాచలం మాస్టారు చేసిన తప్పు

నిన్న పొద్దున పిల్లల లంచ్ బాక్సులు సర్దుతుంటే ఫోన్ వచ్చింది.

"సింహాచలం మాస్టారు పోయారు టీచర్" అంది మా స్కూల్ తెలుగు మేడమ్.

ఏ సింహాచలం అని అడిగాను. తెలిసే అడిగాను. ఇంకెవరైనా అయితే బాగుండునని.

నెల్లిమర్లలో అద్దె గదిలో, ఒక్కరే ఉండగా గుండెపోటు. పాలు పోసే ఆయన ఎంతసేపు తలుపు కొట్టినా తీయకపోతే ఇంటి ఓనర్‌ని పిలిచాడట. మంచం పక్కన కింద పడి ఉన్నారట. ఎప్పుడు పడ్డారో ఎవరికీ తెలియదు.

యాభై రెండేళ్ల మనిషి. నరసన్నపేటలో ఇల్లుంది, భార్య ఉంది. అక్కడ ఒంటరిగా ఎందుకున్నారు?

ఇక్కడ మేం ఉండనివ్వలేదు కాబట్టి.

ఈ రోజు మా స్కూల్ గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆయన ఫోటో, చుట్టూ పూలు. కింద "కాన్సెప్టులతో చరిత్రను బోధించిన మహోపాధ్యాయుడు. మా కుటుంబ సభ్యుడు" అని రాశారు.

అది చూశాక నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

నేను అదే స్కూల్లో సైన్స్ చెప్తాను. ఆయన సోషల్ చెప్పేవారు. పదకొండేళ్లు పక్కపక్క క్లాసులు.

ఆరో తరగతికి ప్రాచీన నాగరికతల పాఠం వస్తే ఆయన బుక్ తెరిచేవారు కాదు. ముందు బోర్డు మీద ఐదు మాటలు రాసేవారు. తిండి. పని. అధికారం. నమ్మకం. రాత. ఈజిప్టు అయినా హరప్పా అయినా ఆ ఐదింటితోనే మొదలు.

"పిరమిడ్ ఎవరిది?" అని అడిగేవారు.

"రాజుది మాస్టారూ."

"మరి ఆ రాయి మోసినోడు ఆ పూట ఏటి తిన్నాడు? ఆడికి ఎవరెట్టారు?"

క్లాస్ మొత్తం అరగంట దాని మీదే కొట్టుకునేది. గోడ ఇవతల నా పిల్లలు కూడా చెవులు అటే పెట్టేవాళ్లు.

ఒకసారి పిల్లలందరినీ ఇంట్లో పారేసే వస్తువులు కవర్లో వేసి తెమ్మన్నారు. కవర్లు మార్చేశారు. "ఈ ఇంటోళ్లు ఎయ్యేళ్ల కిందట ఉండేవోళ్లు. ఇదే మిగిలింది. ఆళ్లెవరో సెప్పండి" అన్నారు.

ఒకడు ఖాళీ మాత్రల అట్ట పట్టుకుని "ఈళ్లింట్లో ఎవరికో సుగరున్నాది" అన్నాడు. పక్కవాడు చింతపిక్కలు లెక్కపెట్టి ఇంట్లో ఎంతమందో తేల్చాడు.

ధనలక్ష్మి అని ఒక పిల్ల, సముద్రం ఒడ్డు ఊరి నుంచి వ్యాన్‌లో వచ్చేది. ఆమె కవర్లో చిరిగిన వల ముక్క, చేప పొలుసులు. క్లాస్ ముక్కు మూసుకుంది. ఆ పిల్ల తల దించేసుకుంది.

మాస్టారు ఎవరినీ తిట్టలేదు. ఆ వల ముక్కని బెంచీ బెంచీకి తిప్పి చూపించారు.

చివరికి ఇంకో పిల్ల అంది, "ఈ ముడి మిషను ఏసింది కాదు మాస్టారూ. సేత్తో ఏసిందే."

"ఎవరేసారు?"

ధనలక్ష్మి లేచి నిలబడింది. "మా మామ్మ."

"మామ్మకి సదువొచ్చా?"

"రాదు మాస్టారూ."

"హరప్పావోళ్ల రాత మనకీ సదవడం రాదు. అయినా ఆళ్లకేటేటి తెలుసో కనుక్కుంటన్నాం కదా. మీ మామ్మ ముడి ఎలాగేస్తాదో ఈళ్లకి సూపించు."

ఆ పిల్ల బోర్డు దగ్గరికొచ్చి ముడి వేసి చూపించింది. ముక్కు మూసుకున్నవాళ్లే మళ్లీ వెయ్యమన్నారు.

నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. అంతకంటే మంచి పాఠం నా సర్వీసులో చూడలేదు.

మర్నాడు ఒక పేరెంట్ వచ్చి గొడవ చేశాడు. ఫీజులు కట్టి పంపేది చెత్త ఏరడానికా అని.

స్టాఫ్ మీటింగ్ పెట్టారు. అప్పటికే సోషల్ పీరియడ్లు కోసి ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్‌కి ఇచ్చేశారు. మిగిలిన రెండు పీరియడ్లలో బిట్లు బట్టీ పట్టించమన్నారు. మాస్టారు బిట్లూ చెప్పిస్తాను, ఇదీ చెప్తాను అన్నారు. "పిల్లలు రాసినవి ఓపాలి సూడండి సార్" అని నోట్‌బుక్కుల కట్ట ముందు పెట్టారు.

స్కూల్ నడిపే కరస్పాండెంట్ ఆ కట్ట ముట్టుకోలేదు. మా వైపు తిరిగి "ఇది టీచింగే అనుకున్నవాళ్లు సెయ్యెత్తండి" అన్నాడు.

పద్నాలుగు మందిమి ఉన్నాం. ఒక్క చెయ్యి లేవలేదు.

నాదీ లేవలేదు. అటెండెన్స్ రిజిస్టర్‌లో ఏదో చూస్తున్నట్టు కూర్చున్నాను.

ఆ వారమే ఆయన్ని తీసేశారు. చుట్టుపక్కల ఏ స్కూలూ తీసుకోలేదు. అందుకే నెల్లిమర్ల, ఆ గది.

ఇప్పుడు ఫ్లెక్సీ మీద అదే "కాన్సెప్టు" మాట. దేనికి గెంటేశారో దాన్నే పొగడటానికి సిగ్గుండాలి. అడ్మిషన్ల సీజన్ కదా, పనికొస్తుంది.

నిన్న సాయంత్రం దహనానికి వెళ్లాను. ఆయన భార్య నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏటి తప్పు సేసారని తీసేసారమ్మా? ఎన్నిసార్లడిగినా సెప్పలేదు. పక్క క్లాసే కదా నీది. నువ్వయినా సెప్పు."

రెండోసారి కూడా నోరు మూసుకునే వచ్చాను.

అక్కా, మీరడిగినదానికి ఇదే జవాబు. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. చేసింది మేం.

రేపు ప్రేయర్‌లో పది నిమిషాల సంతాప సభ అట. తర్వాత ఫౌండేషన్ టెస్ట్ ఉంది కాబట్టి పదే నిమిషాలు. నన్ను మాట్లాడమన్నారు. రానని మెసేజ్ పెట్టాను. ఎందుకు రానో ఈ పోస్టులో రాశాను, నా పేరుతోనే. మేనేజ్‌మెంట్ వాళ్లు చదువుతారని తెలుసు. చదవాలి.

వెళ్లి రండి మాస్టారూ. మీకు శాంతి దొరకాలి.

మాకు మాత్రం ఇప్పుడప్పుడే దొరక్కూడదు.