మే నెలలో చల్లటి చేతులు

2023 మే నెల. కృష్ణపట్నం పోర్టుకు వెళ్ళే కంపెనీ బస్సులు ముత్తుకూరులో మా ల్యాబు ముందే ఆగుతాయి. కొత్తగా ఉద్యోగంలో చేరబోయేవాళ్ళు మెడికల్ పరీక్షల కోసం పొద్దున్నే చొక్కా చేతులు మడుచుకుని వరసలో నిలబడతారు. వాళ్ళందరి రక్తం తీసేది నేనే. నా పేరు పద్మ. ల్యాబ్ టెక్నీషియన్‌గా అప్పటికి ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాది. ఒక్క పోటుకు నరం దొరకబుచ్చుకోవడంలో ఈ చుట్టుపక్కల నా అంత చెయ్యి ఇంకోటి లేదని అందరూ అంటారు. నేనూ కాదనను.

ఆ ఏడాదే మా ఓనరు సుధాకర్ గారు థైరాయిడ్, విటమిన్ పరీక్షలు చేసే అనలైజర్ ఒకటి కొన్నారు. అంతకుముందు ఆ శాంపిళ్ళు నెల్లూరు పంపి రిపోర్టు కోసం రెండు రోజులు ఎదురుచూసేవాళ్ళం. యంత్రం రాగానే ఆయన గుమ్మం మీద పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. రోజూ పొద్దున యంత్రానికి ముందుగా కంట్రోల్ పెడతాం. అంటే, విలువ ఎంతో మనకు ముందే తెలిసిన శాంపిల్ అన్నమాట. అది సరిగ్గా వస్తేనే ఆ రోజు జనం రక్తం లోపల పెట్టేది. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

ముంతాజ్ మా వీధి చివర ఇంట్లో మగ్గం వర్క్ చేస్తుంది. చెక్క ఫ్రేము మీద గుడ్డ బిగించి, సూదితో పూసలూ జరీ కుట్టే పని. అప్పుడు ఆమెకు ముప్పై రెండేళ్ళు. ఈ ఊళ్ళో పెళ్ళికూతురు జాకెట్టు ఏదైనా బాగుందీ అంటే అది ఆమె చేతి పనే. ఆమె ఇల్లు నడిచేది కూడా ఆ చేతుల మీదే. ఆ రోజు నెల్లూరు డాక్టరు గారు రాసిచ్చిన చీటీ పట్టుకుని వచ్చింది. థైరాయిడ్, బి12, విటమిన్ డి.

"ఏందమ్మా ముంతాజ్, ముఖమంతా ఉబ్బినట్టుందే?" అన్నాను.

"నిద్ర చాలట్లేదక్కా. ఎంత పడుకున్నా చాలట్లేదు. పొద్దున లేస్తే వేళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. సూది పట్టుకుంటే జారిపోతా ఉండాది. జుట్టు చూడు, దువ్వితే గుప్పెడు ఊడొస్తాంది."

"మందులేమన్నా వాడతున్నావా?"

"ఏమీ లేదక్కా."

"పొద్దున ఏమన్నా తిన్నావా?"

"మంచినీళ్ళే. నువ్వే కదా తినకుండా రమ్మన్నావు."

చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఏసీ గదిలో అరగంట కూర్చుంది కదా అనుకుని రక్తం తీసుకున్నాను.

మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ దాదాపు సున్నా. థైరాయిడ్ తయారుచేసే టీ3, టీ4 రెండూ పై గీత దాటిపోయాయి. బి12 పుష్కలంగా ఉంది, విటమిన్ డి అంతకన్నా భేషుగ్గా ఉంది. థైరాయిడ్ గ్రంథిని పని చెయ్యమని మెదడు కింద ఉండే చిన్న గ్రంథి పంపే ఉత్తర్వు టీఎస్‌హెచ్. థైరాయిడ్ బద్ధకిస్తే ఉత్తర్వు పెరుగుతుంది, అతిగా పనిచేస్తే తగ్గిపోతుంది. ఆ లెక్కన ముంతాజ్‌కు థైరాయిడ్ అతిగా పనిచేస్తోంది. పొద్దున కంట్రోల్ సరిగ్గానే వచ్చింది కాబట్టి సంతకం పెట్టి పంపేశాను.

మర్నాడు సాయంత్రం మా పక్కనున్న మందుల షాపు ముందు ముంతాజ్ కనబడింది. చేతిలో డాక్టరు గారి చీటీ. థైరాయిడ్ పనిని అణిచే మాత్రలు రాశారు.

"థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తా ఉండాదంట అక్కా. ఈ మాత్రలు వాడితే తగ్గుద్దన్నారు," అంది. కాస్త ఆగి, "మగ్గం ఎవరన్నా తీసుకుంటే ఇచ్చేద్దామనుకుంటున్నా. వచ్చే నెల పెళ్ళి జాకెట్లు నాలుగు ఒప్పుకున్నా. ఒక్కటీ కుట్టలేనని వాళ్ళకి చెప్పేసినా," అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది.

ఓదార్పుగా ఆమె చెయ్యి పట్టుకున్నాను. మే నెల ఎండ ఇంకా షాపు మెట్ల మీదే ఉంది, నా జాకెట్టు వీపున తడిసిపోయి ఉంది. ఆమె చెయ్యి మాత్రం చల్లగానే ఉంది. చర్మం గరుకుగా ఉంది. అలవాటుగా మణికట్టు మీద వేలు పెట్టి నాడి చూశాను. నిదానంగా కొట్టుకుంటోంది. థైరాయిడ్ అతిగా పనిచేసే మనిషిని పట్టుకుంటే చెయ్యి వెచ్చగా, చెమటగా ఉంటుంది, నాడి పరిగెడుతూ ఉంటుంది. నేను అలాంటి చేతులు ఎన్ని పట్టుకున్నానో లెక్కలేదు. ఈ మనిషికి ఉన్నది దానికి సరిగ్గా ఎదురైన జబ్బయితే, ఆ మాత్రలు ఉన్న కాస్త థైరాయిడ్‌ను కూడా అణిచేస్తాయి. ఇక ఆ వేళ్ళు సూది పట్టలేవు.

"మాత్ర వేసుకున్నావా?"

"ఇంకా లేదు. ఇప్పుడే కొనబోతున్నా."

"ముందు ల్యాబులోకి రా. ఒక్క పది నిమిషాలు."

లోపల కూర్చోబెట్టి ఈసారి వేరేగా అడిగాను. "రక్తం ఇచ్చిన రోజు నిద్ర లేచినప్పటి నుంచి నా దగ్గరికి వచ్చేదాకా నోట్లో ఏమేం వేసుకున్నావో వరసగా చెప్పు."

"బ్రష్ చేసినా. నీళ్ళు తాగినా. బిళ్ళ వేసుకున్నా. వచ్చినా."

"బిళ్ళా? మందులేమీ లేవన్నావే?"

"అది మందు కాదక్కా, బలం బిళ్ళ. జుట్టుకి. ఫోన్లో వీడియో చూసి తెప్పించుకున్నా. మూడు నెలలై వాడతున్నా."

"ఏమీ తినొద్దన్నాను కదే."

"బిళ్ళ తిండెట్టవుద్దక్కా?" అంది, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూస్తూ.

తప్పు ఆమెది కాదు. మన వైపు మందంటే జబ్బుకు వాడేది. విటమిన్ అంటే బలానికి. ఇరవై ఆరేళ్ళుగా "మందులేమైనా వాడుతున్నారా" అని చిలకలా అడుగుతూ వచ్చాను గానీ, ఎదుటివాళ్ళకు ఆ మాట ఎలా వినిపిస్తోందో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఇంటికి పంపి సీసా తెప్పించాను. దాని మీద బయోటిన్, పదివేల మైక్రోగ్రాములు అని ఉంది. బయోటిన్ కూడా ఒక విటమినే. రోజూ మన ఒంటికి కావలసింది అందులో పిసరంత. పరీక్ష కిట్టుతో పాటు వచ్చే సన్నక్షరాల కాగితాన్ని చివరిదాకా చదివే పిచ్చి ఒకటి నాకుంది. మిగతా వాళ్ళు దాన్ని చెత్తబుట్టలో వేస్తారు, నేను ఫైలు చేస్తాను. ఫైలు తీస్తే అనుకున్న వాక్యం కనబడింది: రక్తంలో బయోటిన్ అధికంగా ఉంటే ఫలితాలు తారుమారు కావచ్చు.

సంగతేమిటంటే, మా యంత్రం బయోటిన్‌నే కొక్కెంలా వాడుకుని టీఎస్‌హెచ్‌ను పట్టుకుంటుంది. రక్తంలో బిళ్ళ తాలూకు బయోటిన్ నిండా ఉంటే అదే ముందుగా చోటు ఆక్రమిస్తుంది, బస్సు కిటికీలోంచి సీట్ల మీద తువ్వాళ్ళు పరిచేసినట్టు. టీఎస్‌హెచ్‌కు చోటు దొరకదు, యంత్రం లేదంటుంది. టీ3, టీ4, బి12, విటమిన్ డి లెక్క మాత్రం తిరగేసి ఉంటుంది కాబట్టి అవి లేకపోయినా ఎక్కువున్నట్టు చూపిస్తుంది. ముంతాజ్ రిపోర్టులో ఉన్న ఐదంకెలూ నమ్మడానికి వీల్లేనివే. కంట్రోల్ శాంపిల్ బలం బిళ్ళలు మింగదు కదా, అందుకే అది సరిగ్గా వచ్చింది.

సుధాకర్ గారికి చెబితే ఆయన ముఖం వాడిపోయింది. "మనమిచ్చిన రిపోర్టు తప్పని మనమే చెప్పుకుంటామా పద్మా? కొత్త మిషను, పేరు పోతుందే."

"వేరే ల్యాబు వాళ్ళు చెప్పేదాకా ఆగుదామా సార్?" అన్నాను. ఆయన ఫోను నా ముందుకు జరిపారు.

మాత్ర వేసుకోవద్దని చెప్పే హక్కు నాకు లేదు. రక్తం మళ్ళీ తీస్తానని అడిగే హక్కు ఉంది. డాక్టరు గారికి ఫోను చేసి నేనెవరో చెప్పాను. చెయ్యి సంగతి, నాడి సంగతి, సీసా సంగతి చెప్పాను.

"అంటే మీ రిపోర్టు తప్పంటారు," అన్నారాయన.

"యంత్రం తప్పు కాదు సార్. నేను అడగాల్సింది అడగలేదు."

"నాకూ పల్స్ తక్కువగానే అనిపించింది. రిపోర్టు చూసి దాన్ని పక్కన పెట్టేశాను," అన్నారు. "ఆ బిళ్ళ ఆపి, మూడు రోజులాగి మళ్ళీ తీయండి. అప్పటిదాకా నేను రాసిన మందు మొదలుపెట్టొద్దు. ఫోను ఆమెకివ్వండి, నేనే చెప్తాను."

ఆ మూడు రోజులూ నాకు అన్నం సయించలేదు. నేను పొరబడి ఉంటే ఒక మనిషికి అందాల్సిన మందు మూడు రోజులు ఆపించినదాన్ని అవుతాను. నాలుగో రోజు పొద్దున రక్తం తీసి, కంట్రోల్ ఒకటికి రెండుసార్లు పెట్టి, యంత్రం ముందే కూర్చున్నాను. టీఎస్‌హెచ్ నలభై ఒకటి. మామూలుగా నాలుగైదు దాటకూడదు. టీ4 బాగా తక్కువ. బి12 కింది గీతను ఆనుకుని ఉంది. పగలంతా ఇంట్లో ట్యూబులైటు కింద మగ్గం మీద వంగి ఉండే మనిషికి విటమిన్ డి అసలే లేదు. అతిగా పనిచేస్తోందన్న ఆ థైరాయిడ్ నిజానికి పడుకుని ఉంది. జుట్టు ఊడటం, ఉబ్బు, నిద్ర, వేళ్ళ తిమ్మిరి, అన్నిటికీ అదే కారణమన్నారు డాక్టరు గారు. అణిచే మాత్రలు కొట్టేసి, థైరాయిడ్ లోటు తీర్చే మాత్రలూ విటమిన్లూ రాశారు.

పేరు పోతుందన్న సుధాకర్ గారి భయం నిజం కాలేదు. ఆ వేసవి దాటకముందే అదే డాక్టరు గారు నాకు ఫోను చేశారు. "పద్మ గారూ, ఇంకో పేషెంటును పంపుతున్నాను. ఈమె కూడా జుట్టు బిళ్ళలు వాడుతోంది. ఎన్ని రోజులు ఆపి పంపమంటారు?" ఒక టెక్నీషియన్‌ను డాక్టరు అడిగిన ప్రశ్న అది. ఆ రోజు ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో మా ఆయన్ని అడిగితే తెలుస్తుంది.

ఆ కేసు తర్వాత నేను ఎవరినీ "మందులేమైనా వాడుతున్నారా" అని ఊరికే అడగను. బలానికి, జుట్టుకి, చర్మానికి, గ్యాసుకి, ఎవరో మంచిదని చెప్పారని, ఏది మింగినా చెప్పమంటాను. విసుక్కుంటారు. విసుక్కోనీ. రిపోర్టులో అంకె యంత్రానిదే అయినా కింద సంతకం నాది. నేను సంతకం పెట్టేది అంకెకు కాదు, మనిషికి.

మూడు నెలలు దాటాక ఒక మధ్యాహ్నం ముంతాజ్ తెల్లగుడ్డలో ఏదో చుట్టుకుని వచ్చింది. విప్పితే పెళ్ళి జాకెట్టు, చేతుల నిండా సన్నటి జరీ లతలు. పెళ్ళివాళ్ళకు ఇవ్వకముందే నాకు చూపించాలని తెచ్చిందట.

"చూసుకో అక్కా. ఒక్క కుట్టు వంకర పోయుంటే చెప్పు," అంది.

సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, జాకెట్టును కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి, కళ్ళజోడు పైకి కిందికి జరుపుకుంటూ ఒక్కో తీగా వెతికాను. నా బుద్ధే అంత, చూడందే ఒప్పుకోను. ముంతాజ్ నవ్వుతూ నిలబడింది. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.