గుట్ట పరుగులో పదకొండోవాణ్ని

ఈ రోజు పాలకుర్తి గుట్ట పరుగు పూర్తి చేశాను. మట్టెవాడలో గాజుల దుకాణం నడిపే నాకు ఇదే మొదటి గుట్ట పరుగు. పక్క దుకాణం టైలర్ దేవదానం, నేను నాలుగు నెలలు రోజూ పొద్దున్నే కోట కట్ట ఎక్కి దిగుతూ కలిసి సాధన చేశాం.

గుట్ట దిగేటప్పుడు రాళ్ల బాటలో అతను పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

“నువ్వు పో అన్నా, ఫికర్ చెయ్యకు” అన్నాడు పళ్లు బిగబట్టి.

“కిందికి పోంగనే మనుషులను తోల్త” అని పరుగెత్తాను. కింద చప్పట్లు కొట్టారు, దండ వేశారు, ఫోటో తీశారు. అతను గుర్తొచ్చేసరికి గడ్డి కోసే ఆడవాళ్లు అతన్ని చీరలో వేసుకుని మోసుకొస్తున్నారు.

“ఒక్కడే మొత్తుకుంటాండు. ఎంబడి ఎవ్వలు లేరా?” అని వాళ్లలో పెద్దామె అడిగింది. దండ తీసి జేబులో కుక్కుకున్నాను.

ఆ కాలు మళ్లీ మిషన్ తొక్కుతుందో లేదో డాక్టరు చెప్పలేదు. దవాఖాన మంచం మీంచి దేవదానం అడిగాడు: “ఎన్నోవానివి వచ్చినవు అన్నా?”

పదకొండోవాణ్ని. మీరైతే ఆ మాట ఎట్లా చెప్పేవాళ్లు?