వేపమండలు కట్టిన తలుపు

ఈ వయసులో పొద్దున్నే ఫోను మోగితే ఎత్తబుద్ధి కాదు. ఎత్తితే ఎవరో ఒకరు పోయారనే చెబుతారు. మొన్న మోత్కూరు దగ్గరి మా ఊరి నుంచి వచ్చిన కబురూ అదే. మా మేనత్త పోయింది.  ఏడుపు రాలేదు, ఒళ్లంతా అలసట కమ్ముకుంది. తల్లి లేని నన్ను సాకింది ఆమే కాబట్టి, ఓపిక లేకున్నా నాలుగు మాటలు రాయాలి.

ఆమె ముఖం నిండా మశూచి మచ్చలు. చిన్నప్పుడు అమ్మవారు పోసి బతికింది. "అమ్మ నా మొఖం మీద జొన్నలు ఆరబోసుకొని పోయింది" అని తన మీద తనే నవ్వుకునేది. ఒకసారి సోకి బతికినవాళ్లకు అది మళ్లీ రాదని ఊరందరికీ తెలుసు. అందుకే ఎవరింట్లో అమ్మవారు పోసినా అత్తకే పిలుపొచ్చేది. సొంతవాళ్లే జంకే గదిలోకి పోయి, పుండ్లకు వేపాకు, పసుపు నూరి పూసి, జావ తాగించి వచ్చి గోడకు చేరగిలబడేది. ఎట్లున్నవు అత్తా అంటే ఎప్పుడూ ఒకటే జవాబు: "ఉన్న. జర గీ పొద్దు గడవనియ్యి."

రజాకార్ల కాలంలో మా బాపు నిజాం మీద కొట్లాడే సంగంలో తిరిగేవాడు. ఒకసారి జ్వరంతో ఇల్లు చేరి అటక మీద దాక్కున్నాడు. రజాకార్లు ఇల్లిల్లూ వెతుకుతున్నారని తెలిసి అత్త వేపమండలు తెచ్చి తలుపుకు కట్టేసింది. మా దగ్గర తలుపుకు మండలు కడితే లోపల అమ్మవారు పోసినట్టే, పరాయివాడు గడప తొక్కడు. వాళ్లు రానే వచ్చారు. మండలు చూశారు, వాకిట్లో నిలబడ్డ అత్త ముఖం చూశారు, వచ్చిన దారినే వెళ్లిపోయారు. బాపు దక్కాడు.

కానీ మండలు తీయకముందే, బాపు అటక దిగకముందే, టీకాలు వేసే మనిషి ఊళ్లోకి వచ్చాడు.

"ఇంట్ల పిల్లలున్నరా అమ్మా?"

"అమ్మ పోసిందయ్యా. లోపలికి రావద్దు."

"పోయనోళ్లుంటే బయటికి తోలియ్యి, ఏసిపోత."

"ఇంట్ల అమ్మ ఉండంగ టీకా ఏందయ్యా? పో, జల్ది పో."

లోపల నేనూ ఉన్నాను, అత్త కూతురూ ఉంది. భర్త పోయాక ఆ చంటిపిల్లతోనే అత్త పుట్టిల్లు చేరింది. ఊరి లెక్కలో ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే. పిల్లల ఒళ్లు నున్నగా ఉండటం చూస్తే మండలు అబద్ధమని తేలిపోతుంది, ఆ మాట ఊరు దాటితే అటక మీది మనిషి ప్రాణం పోతుంది. అందుకే పంపేసింది. ఆయన పక్కింటికి పోయి అక్కడి పిల్లలకు టీకాలు వేసి తన దారిన పోయాడు.

పోలీసు చర్య జరిగింది, రజాకార్లు పోయారు. ఆ తరువాతి ఎండాకాలం అమ్మవారు నిజంగానే మా ఇంటికి వచ్చింది. నాకూ, మరదలికీ ఒకేసారి పోసింది. మిలిటరీ వాళ్లు సంగం మనుషుల కోసం వెతుకుతుంటే బాపు మళ్లీ అడవిలోనే ఉన్నాడు. అత్త ఒక్కతే మా ఇద్దరి మధ్య కూర్చుంది. తనకు రాదు కాబట్టి భయం లేదు, ఇద్దరినీ ఒళ్లో వేసుకునేది. నేను బతికాను. నా మరదలు బతకలేదు. పక్కింటి పిల్లలకు ఏమీ కాలేదు.

పెద్దయ్యాక నాకు పశువుల దవాఖానలో కొలువు దొరికింది. ఒకసారి సెలవులో ఇంటికి వస్తే అత్త అడిగింది, "ఏందిరా అల్లుడా, ఒకసారి అమ్మ పోసినోళ్లకు మళ్ల ఎందుకు పొయ్యదు?"

నాకు తెలిసినంత చెప్పాను. రోగం తెచ్చే వైరస్ ఒంట్లోకి వస్తే దాన్ని పట్టుకునేందుకు నెత్తురులో యాంటీబాడీలు పుడతాయనీ, అవి దానికి అంటుకుని ఒంట్లోని కణాల్లోకి దూరకుండా చూస్తాయనీ, ఒళ్లు ఆ రోగాన్ని మరిచిపోదనీ, మళ్లీ వస్తే ఈసారి తొందరగా తయారవుతుందనీ చెప్పాను. టీకా అంటే రోగం తిప్పలు పడకుండానే ఒంటికి ఆ పని నేర్పడం. అక్కడితో ఆగితే బాగుండేది. పశువులకు ముసర రోగం వచ్చినప్పుడు, దాన్ని తట్టుకున్న ఎద్దుల నెత్తురులోంచి సీరం తీసి మిగతావాటికి ఎక్కించేవాళ్లని కూడా చెప్పాను.

 అత్త మెల్లగా అంది, "అయితే గవి నా నెత్తురుల గూడ ఉండె అన్నట్టు."

"ఉండె అత్తా."

"ఎడ్ల నెత్తురు ఎడ్లకు అక్కరకొచ్చె. నా నెత్తురు నా పిల్లకు రాకపాయె."

ఆ రోజు నువ్వట్ల చేయకుంటే బాపు బతికేటోడు కాదన్నాను.

"తెలుసు బిడ్డా. గందుకే ఎవ్వలి మీద కోపం చెయ్యాల్నో తెల్వది."

 

తరువాత ఊళ్లోకి టీకాలవాళ్లు ఎప్పుడొచ్చినా అత్తే ముందు నడిచేది. దాక్కున్న పిల్లలను రెక్క పట్టి గుంజుకొచ్చేది, తల్లులు తిట్టినా పట్టించుకునేది కాదు. బర్రె ఈనితే జున్ను కోసం గిన్నెలతో నిలబడ్డ పిల్లలను తరిమేది. తొలిపాలలో తల్లి యాంటీబాడీలు దూడకు అందుతాయని నేనే ఎప్పుడో చెప్పి ఉంటాను. "ముందుగాల దూడె తాగాలె. తల్లి నెత్తురుల ఉన్నది గట్లనన్న బిడ్డకు చేరనియ్యుండ్రి" అనేది. దూడ కడుపునిండా తాగేదాకా పక్కనే కూర్చుని దాని వీపు నిమిరేది.

వేపమండను మాత్రం మళ్లీ మా తలుపుకు కట్టనివ్వలేదు.

మొన్న ఆమెను సాగనంపి అందరం ఇంటికి వచ్చాం. ఆనవాయితీ ప్రకారం ఎవరో గడప ముందు బకెట్లో నీళ్లు, దాని మీద వేపమండ పెట్టారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకు తెలియదు. నేను వంగి ఆ మండ తీసి గోడ అవతల పడేశాను. అందరూ వట్టి నీళ్లతోనే కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లారు. నేను కాసేపు బయటే కూర్చున్నాను. తలుపు బార్లా తెరిచే ఉంది.